కింద కయ్య పడుతుంది

“చిలకజోస్యానికీ దీనికీ తేడా ఏముందమ్మా సుజనా? అక్కడ చిలక కార్డు తీస్తుంది, ఇక్కడ నీ కంప్యూటరు కాగితం తీస్తుంది.”

మా గైడు జనార్దనయ్య ఈ మాట నలుగురి ముందూ అన్నాడు. పోనీ నవ్వుతూ అన్నాడా అంటే అదీ లేదు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అది తొంభై ఏడో సంవత్సరం, ఎడగారుకు, అంటే మా వైపు రెండో పంటకు, నాట్లు పడుతున్న రోజులు. వ్యవసాయ కాలేజీలో నా ఎమ్మెస్సీ రెండో ఏడు.

నేను అడిగింది గొంతెమ్మ కోరికేమీ కాదు. కంకి వంగిన వరి గాలికి పడిపోతుంది, సరే. అన్నీ పడవు కదా! పక్కపక్కనే ఉన్న రెండు దుబ్బుల్లో ఒకటి పడుతుంది, ఒకటి నిలబడుతుంది. కాడ ఎంత లావు, ఎంత ఎత్తు, కంకి ఎంత బరువు, పక్కకు లాగితే ఎంత బలానికి వంగుతుంది, ఇవన్నీ కొలిచి కంప్యూటరుకు ఇస్తాం. ఇది పడింది, ఇది నిలిచింది అని కూడా చెబుతాం. అది తప్పు చెప్పినప్పుడల్లా తన లెక్క తనే సర్దుకుంటుంది. పసిపిల్లకు ఇది కుక్క, ఇది మేక అని చూపించినట్టే. అలా చూపించగా చూపించగా, తను చూడని దుబ్బు గురించి కూడా చెప్పగలుగుతుంది. కాలేజీ పొలంలో ఏడాది పాటు దానికి నేర్పించాను. ఆ ఏడాది కష్టాన్ని పట్టుకొని ఈయన చిలకజోస్యం అంటాడు!

“సరే, ఈ ఎడగారు ఒక్కటీ ఇస్తాను,” అన్నాడాయన. “కాలేజీ పొలంలో కాదు, బయట రైతు పొలంలో. గాలి రాకముందే చెప్పాలి. నిజమైతే థీసిస్ రాసుకో. కాకపోతే నేనిచ్చిన టాపిక్ తీసుకొని మొదటి నుంచి మొదలుపెట్టు.”

మొదటి నుంచి మొదలుపెట్టడం నా వల్ల అయ్యే పని కాదు. మా నాయన డేవిడ్‌రాజు అప్పటికే ఉదయగిరిలో ఒక స్కూల్లో సైన్సు టీచరు పోస్టు మాట్లాడి పెట్టాడు. ఎడగారు కోతల లోపల నా చదువు తేలితే సరి, తేలకపోతే నేను పోయి అక్కడ చేరాలి. టీచరు పనిని నేనేం చిన్నచూపు చూడను, మా ఇంట్లో సగం మంది టీచర్లే. కాని నాకు పట్టుకున్న పిచ్చి వేరు. ఈ పైరు పోతే ఆ పని ఇక నా చేతికి రాదు.

మాది ఆత్మకూరు దగ్గర పల్లె, సోమశిల కాలవ కింద సేద్యం. మాకు రెండు కయ్యలు, మడులన్నమాట. పై కయ్య ముందు నాటారు, కింద కయ్య ఆలస్యంగా నాటారు. పై కయ్యలో కంకులు వంగే వేళకు నేను సంచీ సర్దుకొని ఇంటికొచ్చాను.

కంప్యూటరు మాత్రం ఆత్మకూరు బజారులో, ఎరువుల కొట్టు పెంచలనరసింహం దగ్గర దొరికింది. ఆయన కూతురు ఇందు ఇంటర్‌లో నా క్లాస్‌మేటు. కొట్టు లెక్కలకని తెప్పించి, దసరాకు పూజ చేసి, కుంకుమబొట్టు పెట్టి, పైన తుండు కప్పి భద్రంగా ఉంచాడు. దాన్ని ముట్టుకునే ధైర్యం ఆ కొట్టులో కూతురికి తప్ప ఎవరికీ లేదు. కాలేజీ కంప్యూటరు ఏడాది పాటు నేర్చుకున్న లెక్కను ఫ్లాపీలో తెచ్చి దీంట్లోకి ఎక్కించాను.

“ఇంతసేపు ఆడిస్తే అరిగిపోదు కదా పాపా?” అన్నాడు మొదటి రోజు.

“వాడకపోతేనే చెడిపోతాది అంకుల్,” అన్నాను.

మధ్యాహ్నం కరెంటు పోతే అప్పటిదాకా చేసిన లెక్కంతా పోయేది. “ఇది అచ్చం మా సాయిగాడే! సాయంత్రం చదివింది పొద్దునకు ఉండదు,” అని కొడుకును తలుచుకొని పెంచలనరసింహం మొత్తుకునేవాడు. ఇందు పళ్ళు కొరుక్కుంటూ మళ్ళీ మొదలుపెట్టి, ఈసారి మధ్యమధ్యలో ఫ్లాపీలోకి ఎక్కించేది. ఇందు ఓపికకు దణ్ణం పెట్టాలి.

దుబ్బులు పీకే పని మా అవ్వ రెబెకమ్మ తీసుకుంది. తెల్లారగానే వేళ్ళతో సహా పీకి, తడి గోనెసంచిలో పెట్టి ఇస్తే, నేను బస్సులో ఆత్మకూరు తీసుకుపోయి, కొట్టు వెనక గోడౌన్‌లో స్ప్రింగు కాటా తగిలించి కాడలు లాగి కొలిచేదాన్ని.

“నువ్వు బురదలో దిగబాక మే, జలుబు చేస్తాది. కయ్యంతా తిరిగి నేను పీక్కొస్తా,” అంది అవ్వ. ఆమె ఉతికిన చీర కట్టుకొని, గట్టు మీద నిలబడి ప్రార్థన చేసుకొని మరీ దిగేది. ప్రార్థన లేందే మంచినీళ్ళు కూడా తాగని మనిషి, నాకది వింతగా అనిపించలేదు.

పై కయ్య దుబ్బులన్నీ చూసి కంప్యూటరు తేల్చేసింది. పడదు. ఎంత గాలి వచ్చినా పడదు.

పెంచలనరసింహానికి నాకంటే ఎక్కువ సంబరమైంది. ఎరువుల ధరలు రాసే నల్లబల్ల మీద, అందరికీ కనబడేట్టు, ‘డేవిడ్‌రాజు పై కయ్య పడదు - కంప్యూటర్’ అని సుద్దముక్కతో రాసేశాడు. నాయన అప్పటికి నీళ్ళు తీసేసి, గింజ పూర్తిగా గట్టిపడకముందే కోసేద్దామా అని ఊగిసలాడుతున్నాడు. బల్ల చూసి వచ్చి, “పడదంటే ఇంకొన్నాళ్ళు ఆగుదాంలే. గింజ బరువెక్కుతాది,” అన్నాడు. మనిషి తక్కువ మాట్లాడతాడు. ఆ ఒక్క మాటకు నాకు నేల మీద కాళ్ళు ఆనలేదు.

ఆదివారం చర్చి నుంచి ఇంటికి వస్తూ ఉంటే ఉదయగిరి కొండ వైపు నుంచి గాలి లేచింది. దుమ్ము, వెనకాలే వాన. మేం గట్టు మీదికి చేరేసరికి పై కయ్యలో సగానికి పైగా నేలకు ఒరిగిపోయి ఉంది. పైరంతా ఒకే వైపుకు పడుకొని ఉంది, ఎవరో చాప పరిచినట్టు.

నాయన తల మీద తుండు తీసి పిండుకొని, “స్కూలువాళ్ళకు వస్తాదని చెప్పేస్తా పాపా,” అని ఇంటి దారి పట్టాడు.

నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. దాచేదేముంది? కాని ఏడుపు కంటే కోపం ఎక్కువగా ఉంది. నాయన మీద కాదు, గాలి మీదా కాదు. ఏడాది పాటు సరిగ్గా చెప్పిన కంప్యూటరు మా కయ్య దగ్గరికొచ్చి ఎందుకు తప్పు చెప్పాలి? మోకాళ్ళ దాకా చీర ఎగదోపుకొని, స్ప్రింగు కాటా పట్టుకొని ఆ వానలోనే కయ్యలోకి దిగాను. పడిన కాడలన్నీ సన్నం. సరే, సన్నంగా ఉంటే పడతాయి. నిలబడిన వాటిని కొలిచాను. అవీ సన్నమే! గోడౌన్‌లో నేను కొలిచిన లావు కాడలు ఈ కయ్యలో వెతికి వెతికి చూస్తే ఎక్కడో ఒకటీ అరా కనబడ్డాయి. మరి ఆ సంచుల నిండా వచ్చినవి ఎక్కడివి?

అవ్వ గట్టు మీద గొడుగేసుకొని నిలబడి నన్ను తిడుతూ ఉంది. నేరుగా పోయి అడిగాను.

“అవ్వా, దుబ్బులు ఎట్టా ఏరినావు?”

“ఎట్టా ఏంది? కోత పండక్కు చర్చికి ఏరినట్టే ఏరినా. కయ్యంతా తిరిగి, నిండు కంకి, నిటారుగా ఉండే దుబ్బు చూసి.”

“మరి సన్నవి? తాలువి?”

“మతిపోయిందా మే నీకు? దేవుడికైనా చదువుకైనా తాలు కంకి ఇస్తారా ఎవరన్నా?”

మా సంఘంలో ప్రతి ఇల్లూ కోత పండగకు పంటలో మొదటి కట్ట తెచ్చి చర్చిలో బల్ల ముందు పెడతాం. మా ఇంటి కట్ట ఎప్పుడూ అవ్వ చేతి మీదుగానే పోతుంది. కయ్యలోకల్లా మేలైన కంకి ఏరడం ఆమెకు పుట్టుకతో వచ్చిన విద్య. మనవరాలి చదువుకు కూడా అదే చెయ్యి వాడింది. నేను ఆ వానలో గట్టు మీద కూలబడి పకపకా నవ్వేశాను. అవ్వ నాకు నిజంగానే మతిపోయిందనుకొని నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన అందుకుంది.

కంప్యూటరు అబద్ధం చెప్పలేదు. దేవుడికిచ్చే పైరు పడదని చెప్పింది. ఆ మాట నిజమే, అవ్వ ఏరిన రకం దుబ్బులు ఒక్కటీ పడలేదు.

ఇంటికి పోయి నాయన ముందు నిలబడ్డాను. “కింద కయ్య ఇంకా ఉండాది నాయనా. దాన్ని చూసేదాకా నేను ఉదయగిరి పోను.”

“ఒక కయ్య పడుకుంది చాలదా?”

“చాలదు.”

నాయన నన్ను ఎగాదిగా చూశాడు. “కోత దాకా నీ ఇష్టం. ఆ తర్వాత నా ఇష్టం,” అన్నాడు.

ఈసారి ఏరుడు లేదు. అవ్వను గట్టు మీద వెనక్కి తిప్పి నిలబెట్టి, చూడకుండా మట్టిబెడ్డ విసరమన్నాను. బెడ్డ ఏ దుబ్బు మీద పడితే ఆ దుబ్బు పీకి, కయ్యలో ఏ వైపుదో చీటీ కట్టాలి. మంచిదా, తాలుదా అని అడగడానికి లేదు.

“ఇదేం చదువే, గుడ్డి చదువు!” అని సణుగుతూనే విసిరేది. బెడ్డ ఒక బక్క దుబ్బు మీద పడిందంటే చాలు, ఆమె చెయ్యి మెల్లగా పక్క దుబ్బు మీదికి పోయేది.

“అవ్వా! అది కాదు!”

“ఈ బక్కదాన్ని ఆత్మకూరు బజారుకు పంపిస్తే మన పరువేం కాను? డేవిడ్‌రాజు చేలో ఇట్టాంటి పైరు పండిందంటారు.”

“అననీ. పీకు.”

నా మీద కోపంతో ఆ దుబ్బును వేళ్ళతో పాటు గంపెడు మట్టితో సహా పెరికి నా ముందు పడేసేది.

ఇందు, నేను కలిసి ఆ లెక్కంతా కంప్యూటరుకు ఎక్కించాం. ఈసారి అది ఇంకో మాట చెప్పింది. కింద కయ్యలో కాలవ వైపు సగం పడుతుంది, ముళ్ళకంప వైపు సగం నిలబడుతుంది.

కొట్టు ముందు జనం ఉన్నారు. మా పక్క చేను గోవిందయ్య నన్ను చూడగానే అందుకున్నాడు. “వచ్చినాదయ్యా కంప్యూటరమ్మ! ఏం పాపా, పడుకున్న మీ పై కయ్య ఎప్పుడు లేస్తాదో కూడా అడిగి చెప్పు.” అందరూ గొల్లుమన్నారు.

నేను నల్లబల్ల దగ్గరికి పోతుంటే పెంచలనరసింహం సుద్దముక్క జేబులో దాచేశాడు. “నా కొట్టు పరువు తీయబాక తల్లీ. మొన్న రాసింది తుడిచేదానికే నాకు సిగ్గేసింది.”

“ఇవ్వండి అంకుల్.”

“మాట విను పాపా...”

“ఇస్తారా, మీ గోడ మీద బొగ్గుతో రాయమంటారా?”

ఇందు వాళ్ళ నాయన జేబులో చెయ్యి పెట్టి సుద్దముక్క తీసి నా చేతికిచ్చింది. బల్ల మీద ఎరువుల ధరల పైన, పెద్ద అక్షరాలతో రాశాను. ‘కింద కయ్య కాలవ వైపు పడుతుంది. ముళ్ళకంప వైపు పడదు.’ ఈసారి కంప్యూటర్ అని రాయలేదు. కింద నా పేరు రాశాను, డి. సుజన అని.

“నవ్వేవాళ్ళు నవ్వండి,” అన్నాను వెనక్కి తిరిగి. “తుడిచినారంటే మాత్రం ఊరుకోను.”

జనం వెనక నాయన సైకిలు పట్టుకొని నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. బల్ల మీద రాసింది పెదవులు కదిలిస్తూ చదువుకొని, సైకిలు తిప్పుకొని వెళ్ళిపోయాడు. గోవిందయ్య ముందు నాయన తల దించుకొని పోవడం చూశాను. అయినా బల్ల తుడవలేదు.

గాలి రాకముందే చెప్పాలన్నది కదా గైడు షరతు. ప్రింటు తీసుకొని కాలేజీకి పోయి ఆయన బల్ల మీద పెట్టాను. చదివి, తేదీ వేసి, సొరుగులో పెట్టుకున్నాడు. “చూద్దాం,” అన్నాడు. నేను హాస్టల్లో ఉండగానే గాలీ వానా వచ్చాయి. తెల్లవారి ఆయన ఇంటి ముందు నిలబడి, “పదండి సార్, పోయి చూద్దాం,” అన్నాను. ఆయనకు తప్పలేదు.

బస్సు కిటికీలోంచి రోడ్డుకు రెండు వైపులా ఒరిగిపోయిన పైర్లు కనిపిస్తుంటే నాకు లోపల ఉత్సాహం పొంగుకొచ్చింది. మా పైరు పడి ఉండాలి దేవా అని ప్రార్థన చేసుకున్న రైతుబిడ్డ ఈ జిల్లాలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. సిగ్గుచేటే, కాని చేసుకున్నాను.

కింద కయ్య గట్టెక్కి చూశాను. పైరు నిలబడి ఉంది. ముళ్ళకంప వైపు నిలబడి ఉంది, కాలవ వైపు కూడా నిలబడి ఉంది.

“ఏదమ్మా పడింది?” అన్నాడు జనార్దనయ్య.

నేను కళ్ళు చికిలించి చూశాను. కాలవ వైపు దుబ్బులు విడివిడిగా లేవు. నాలుగేసి దుబ్బులు దగ్గరికి లాగి, నడుం దగ్గర గడ్డితో బిగించి కట్టి ఉన్నాయి. పడిన పైరును లేపి ఇలా కట్టడం మా వైపు ఎప్పటి నుంచో ఉన్న పనే. పడకముందే కట్టేవాణ్ణి మాత్రం నేను ఎక్కడా చూడలేదు. కట్లన్నీ కయ్య మధ్యకొచ్చి ఆగిపోయాయి. ముళ్ళకంప వైపు ఒక్క కట్టు కూడా లేదు. నేను బల్ల మీద ఎక్కడిదాకా రాశానో సరిగ్గా అక్కడిదాకానే కట్టి ఉంది.

నాయన, అవ్వ గట్టు మీద కూర్చొని ఉన్నారు. ఇద్దరూ తడిసి ముద్దయి ఉన్నారు. అవ్వ ఒళ్ళో ఇంకా గడ్డి ఉంది.

“ఏంది నాయనా ఈ పని! నా చదువు నిలువునా ముంచినావు కదా!” అని అరిచాను.

నాయన నింపాదిగా లేచాడు. “కాలవ వైపు పడతాదని రాసింది నువ్వే కదా. పడతాదని తెలిసినాక చూస్తా కూర్చుంటారా ఎవరన్నా?”

“నేను చెబితే నువ్వు కట్టినావా?”

“నువ్వు కాక ఇంకెవరు చెప్పినారు? అంత నమ్మి కట్టినాక మళ్ళా నిన్ను స్కూల్లో ఏం చేర్చేది? రాదని ఉదయగిరికి కబురు పెట్టేసినా.”

నాకు పట్టలేనంత కోపం, పట్టలేనంత సంతోషం రెండూ ఒకేసారి వచ్చాయి. అంత పెద్ద మాటను ఆయన ఎండబెట్టిన బట్టలు తీసినట్టు చెప్పేశాడు.

జనార్దనయ్య కళ్ళజోడు తుడుచుకుంటూ అన్నాడు. “అంతా బాగానే ఉంది. కాని కట్టేశాక, పడేదో కాదో ఎట్లా తేలుతుంది? ఇది లెక్కలోకి రాదు.”

“తేల్చుకోండి సార్. విప్పండి,” అన్నాడు నాయన.

“ఏమిటి?”

“కట్లు సార్. మీకు ఇష్టమొచ్చిన కట్టు, మీ చేత్తోనే విప్పండి. గాలి ఇంకా పోలేదు.”

“వద్దు నాయనా, గింజ పోతాది,” అన్నాను.

“నువ్వూరుకో పాపా. నీ మాట అబద్ధమని ఆయన ఊరికే పోతే నాకు నిద్ర పట్టదు.”

జనార్దనయ్య గట్టు మీదే వంగి, అందిన కట్టు విప్పాడు. దుబ్బులు ఒక్క క్షణం అలాగే నిలబడ్డాయి. గాలి విసురు రాగానే ముందు ఒకటి పక్కదాని మీద ఒరిగింది, రెండూ కలిసి మూడోదాన్ని తోశాయి, నాలుగూ మెల్లగా వచ్చి ఆయన బూట్ల మీద పడుకున్నాయి. ఆయన బూట్లు విప్పాడు. ప్యాంటు మడుచుకొని లోపలికి దిగి ఇంకో కట్టు విప్పాడు. అదీ పడింది. ముళ్ళకంప వైపు నడిచాడు. అక్కడ కట్టని దుబ్బును చేత్తో వంచి వదిలాడు. అది ఊగి మళ్ళీ నిలబడింది. ఇంకోటి వంచాడు. అదీ నిలబడింది.

తిరిగొచ్చి మోకాళ్ళ దాకా బురదతో నా ముందు నిలబడ్డాడు. “ఇంకో సీజన్ చూద్దాం సుజనా. అప్పుడు ఎవరూ కట్టకుండా...”

“ఇంకోటి లేదు సార్,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. “గాలి రాకముందు చెప్పమన్నారు, చెప్పాను. కాగితం మీ సొరుగులోనే ఉంది. విప్పి చూసుకున్నదీ మీరే. నేను రాస్తాను. మీరు సంతకం పెట్టనంటే చెప్పండి, పెట్టేవాళ్ళను వెతుక్కుంటాను.”

గైడుతో ఆ మాట అన్న విద్యార్థి మా కాలేజీలో అంతకుముందు లేదు. ఆయన ముఖం ఎర్రబడింది. ఏదో అనబోయే లోపల నాయన గడ్డిపోచలు పేనుకుంటూ కయ్యలోకి దిగాడు.

“మాటలు తర్వాత సార్. ఆ దుబ్బులు ఎత్తి పట్టుకోండి, కట్టాలా. కంకి నీళ్ళల్లో నానతా ఉండాది.”

జనార్దనయ్య నాయన వైపు చూశాడు, నా వైపు చూశాడు. తర్వాత వంగి, రెండు చేతులతో పడిన దుబ్బులను దగ్గరికి తీసుకొని పైకెత్తాడు. కంకుల్లోని నీళ్ళు ఆయన చొక్కా మీద కారాయి. నాయన గడ్డి చుట్టి బిగించాడు.

“రాయి,” అన్నాడు జనార్దనయ్య, వంగినవాడు వంగినట్టే. “కట్టిన సంగతి కూడా రాయి.”

“మొదట రాసేది అదే సార్,” అన్నాను.